మూడు వందల నలభై ఎనిమిది మొలకలు

నాలుగో పళ్ళెంలో ఎనభై ఏడు దాకా వచ్చాక ప్యో కుమ్‌రే చెయ్యి ఆగింది.

పట్టకారు కొసన వేలాడుతున్న మొలకను కిటికీ వైపు ఎత్తి పట్టుకుంది. వేరు తెల్లగా, సన్నటి నూగుతో వేలెడంత పొడవు సాగింది. కాడ నిటారుగానే ఉంది. పైన విచ్చుకోవాల్సిన రెండు ఆకుల్లో ఒకటి చక్కగా విచ్చుకుంది. రెండోది మొదట్లోనే గోధుమరంగుకు తిరిగి ముడుచుకుపోయింది. బాగున్న ఆకు అంచున కూడా సూదిమొనంత మచ్చ ఒకటి ఉంది.

ఆకుల్లో సగమో అంతకన్నా ఎక్కువో ఆరోగ్యంగా ఉంటే మంచి మొలక, సగానికి తగ్గితే చెడ్డది. అదీ నియమం. ఒక ఆకు పూర్తిగా పోయింది కాబట్టి మిగిలింది సగం. మచ్చను తీసేస్తే సగానికి వెంట్రుకవాసి తక్కువ. మచ్చ పైపైనే ఉందా, లోపలికి దిగిందా? భూతద్దంలో చూసినా తేలలేదు. దాన్ని నల్లకాగితం మీద విడిగా పడుకోబెట్టి, మిగిలిన పన్నెండు కుళ్ళు గింజలను డబ్బాలోకి విదిల్చింది.

ఎనభై ఎనిమిది, ఎనభై ఆరు, ఎనభై ఏడు, ఎనభై ఏడు. మొత్తం మూడు వందల నలభై ఎనిమిది.

లేచి కిటికీ దాకా నడిచింది. వచ్చి కూర్చుంది. మళ్ళీ లేచింది. పొద్దుటి నుంచి ఇదే వరస. ఎప్పుడూ ఇలా ఉండదు. ఇరవై తొమ్మిదేళ్లుగా ఈ సర్కారు విత్తన పరీక్ష ఆఫీసులో, ఈ ఎత్తుపీట మీద కూర్చుంటే మధ్యాహ్నం భోజనం గంట కొట్టేదాకా కదలని మనిషి. కూర్చుని కూర్చుని కుడిభుజం ఎడమదానికన్నా కిందికి జారింది. పట్టకారు పట్టే రెండు వేళ్ళ కొసలు నున్నగా అరిగి మెరుస్తుంటాయి. యాభై ఏడేళ్లకే జుట్టంతా నెరిసింది. దాన్ని మెడ మీద ముడి వేసి ఒక్క పిన్నుతో నిలబెడుతుంది. నీలంరంగు పనికోటు మోచేతుల దగ్గర రెండుసార్లు మాసికలు పడింది. అందులోకి దూరితే ఆమె గదిలో ఉన్న బీరువాల్లో మరో బీరువాలా కనిపిస్తుంది. వచ్చేపోయేవాళ్ళు ఆమెను చూడకుండానే గదంతా చూసి వెళ్ళిపోతారు.

ఎడమ భుజం కింద ఏదో పట్టేసినట్టు ఉంది. నిన్న పళ్ళేల బల్ల జరిపినందువల్ల అయ్యుంటుందని అరచేత్తో రుద్దుకుంది.

గోడ మీద పట్టిక ఒకటి అంటించి ఉంది. సరుకు చీటీ మీద ‘నూటికి తొంభై మొలుస్తాయి’ అని రాసుంటే, నాలుగు వందల గింజలు పోసి చూడాలి. మూడు వందల నలభై తొమ్మిది మొలిస్తే సరుకు ఊళ్ళకు పంపొచ్చు. నలభై ఎనిమిదైతే కంపెనీకి తిప్పి పంపాలి. పట్టిక అంచులు పసుపురంగుకు తిరిగినా అంకెలు స్పష్టంగా ఉన్నాయి. వాటిని చూడకుండానే చెప్పగలదు, అయినా మూడుసార్లు చూసింది.

నల్లకాగితం మీద మొలక వాడిపోవడం మొదలుపెట్టింది.

ఇది చలికాలమంతా జాడీల్లో నిలవుండే కిమ్చీ పచ్చడికి వేసే కాబేజీ విత్తనం. ఎనిమిది డ్రమ్ములు. ఎనిమిది రైతు సంఘాల కోసం వచ్చాయి, ఒక్కో సంఘం కింద అయిదారు ఊళ్ళు. ఆగస్టులో వారం పది రోజుల వ్యవధిలో విత్తెయ్యాలి. మొలవలేదని తెలిసి మళ్ళీ విత్తేలోపు కాలం దాటిపోతుంది, ఆకులు చుట్టుకుని గడ్డ కట్టకముందే మంచు పడుతుంది. పళ్ళెంలో మొలక తేలడానికి ఏడు రోజులు పడుతుంది. అంటే మళ్ళీ పరీక్ష చేసే సమయం కూడా లేదు. లారీ ఇవాళ మధ్యాహ్నమే వస్తుంది.

కుమ్‌రేకు ఈ లెక్క నేర్పింది మో అనే ముసలి ఆఫీసరు. అప్పుడామె ఈ గది ఊడ్చే మనిషి. నేల ఊడుస్తూ పళ్ళేల్లో మొలకలను తప్పు లేకుండా లెక్కపెడుతుంటే చూసి, ఒకరోజు చీపురు పక్కన పెట్టించి కూర్చోబెట్టాడు.

“చీటీ అబద్ధమాడుతోందని మొదలుపెట్టకు,” అన్నాడు. “నిజమే చెబుతోందనుకో. అప్పుడు నాలుగు వందల్లో ఎన్ని రావాలి?”

“మూడు వందల అరవై అండి.”

“సరిగ్గా అరవై ఎప్పుడూ రావు. అటూ ఇటూ ఊగుతాయి. ఎంతదాకా ఊగితే మామూలు, ఎక్కడ దాటితే మామూలు కాదు? మన పనల్లా ఆ గీత గియ్యడమే. నిజం చెప్పిన చీటీ ఇరవై సార్లలో ఒక్కసారి మాత్రమే దాటేలా గీస్తాం.”

“అంటే ఒక్కసారి దాటుతుందిగా. అప్పుడు మంచివాణ్ణి పట్టుకుని దొంగ అన్నట్టే కదండీ?”

“అన్నట్టే.”

“ఆ ఒక్కసారి ఏదో ఎలా తెలుస్తుందండి?”

“తెలీదు,” అన్నాడు మో, కళ్ళజోడు తుడుచుకుంటూ. “దొంగను మంచివాడని వదిలేసింది ఎప్పుడో, అది అసలే తెలీదు.”

రెండో మాటే ఆమెలో ఉండిపోయింది. గట్ల సంగతి కూడా ఆయనే చెప్పాడు. లెక్క కింద రెండు అంకెలు రాసి, అసలు నిజం ఈ రెండు గట్ల మధ్య ఉంటుందనేవాడు. ఇలా నూరుసార్లు గట్లు వేస్తే తొంభై అయిదుసార్లు లోపలే దొరుకుతుందట. గింజలు ఎక్కువ పోస్తే గట్లు దగ్గరపడతాయి. అయితే రెట్టింపు పోసినంత మాత్రాన ఎడం సగం కాదు. సగం కావాలంటే నాలుగింతలు పొయ్యాలి. అది ఆమెకు వారం రోజులు అర్థం కాలేదు. చివరికి గచ్చు కడుగుతుంటే అర్థమైంది. చదరం ఒక్కో పక్కన రెండేసి పలకలు రావాలంటే నేల మీద నాలుగు పలకలు పరవాలి. చీపురు పట్టుకునే పరుగెత్తి ఆయనకు చెప్పింది. మో పోయి పదిహేనేళ్లయింది. తరవాత వచ్చిన ఆఫీసర్లెవరూ ఆమెతో గట్ల గురించి మాట్లాడలేదు, ఇప్పుడున్న బాన్ మిర్యోంగ్ తప్ప.

బాన్ మిర్యోంగ్ లోపలికొచ్చింది. ముప్పై దాటింది, విశ్వవిద్యాలయంలో చదువుకుంది, సన్నగా ఉంటుంది, నడుస్తుంటే చెప్పులు టపటపమంటాయి. ఆమె వెనకే కంపెనీ మనిషి కుక్ వచ్చాడు. లావుపాటి మనిషి, మెడ చుట్టూ తువ్వాలు, చేతిలో వలసంచి నిండా పసుపు దోసపళ్ళు.

“అక్కగారూ, ఎండ చూశారా? వానలు వెళ్ళిపోయాయి, మనల్ని ఆవిరి పట్టడానికి పొయ్యి మీద పెట్టి పోయాయి,” అంటూ సంచి బల్ల మీద పెట్టాడు. “ఇవి లంచం కాదండోయ్. ఇవీ మొలుస్తాయో లేదో చూసి పెట్టండి.”

“పళ్ళు కిందపెట్టు కుక్. పళ్ళేల మీదికి ఈగలొస్తాయి,” అంది కుమ్‌రే.

“ఎన్నొచ్చాయి పిన్నిగారూ?” అంది బాన్.

కుమ్‌రే చీటీ అందించింది. బాన్ చూసింది, తలెత్తి గోడ వైపు చూసింది, మళ్ళీ చీటీ చూసింది. జేబులోంచి కాలిక్యులేటరు తీసి నిలబడే నొక్కడం మొదలుపెట్టింది. కుక్ నవ్వు ముఖం మీదే ఉండిపోయింది గానీ చేతులు తువ్వాలు నులుముతున్నాయి.

“సరిగ్గా గీత మీద పడింది,” అంది బాన్ మెల్లగా. “ఒక్కటి. ఒక్క మొలక తక్కువ. ఇంకో సంగతి చూడండి. మనకొచ్చిన ఎనభై ఏడు శాతం చుట్టూ గట్లు వేస్తే పై గట్టు తొంభై దాటుతోంది. పట్టికేమో వద్దంటోంది, గట్లేమో పరవాలేదంటున్నాయి.”

“మరింకేం,” అన్నాడు కుక్.

“మీరాగండి.” బాన్ నల్లకాగితం చూసింది. “ఇదేమిటి పిన్నిగారూ? దీన్ని ఎందులో వేశారు?”

“చెడ్డవాటిలో వేశానండి.”

బాన్ వంగి భూతద్దం పెట్టింది. చాలాసేపు చూసింది. “ఒక ఆకు బాగానే ఉంది. ఈ మచ్చ నిజంగా లోపలికి దిగిందంటారా?”

“దిగలేదేమో కూడా.”

“అయితే మంచిదే కావచ్చుగా.”

“కావచ్చండి. నన్ను ప్రమాణం చెయ్యమంటే చెయ్యలేను. ఎటూ చెయ్యలేను.” కుమ్‌రే మళ్ళీ లేచి కిటికీ దగ్గరికి వెళ్ళింది. “ఇది అటు పడితే ఎనిమిది డ్రమ్ములూ వెళ్ళిపోతాయి. ఇటు పడితే నలభై ఊళ్ళకు ఈ ఏడు విత్తనమే లేదు. ఇంత పిసరు మొలక మీద అంత బరువు పెట్టకూడదు బాన్ గారూ. దీనికి అంత తెలీదు.”

“మరేం చేద్దాం? ఏడు రోజులు ఆగే వ్యవధి లేదు. డైరెక్టరు గారు పదిన్నరకు అడుగుతారు. పైనుంచి పొద్దున్నే ఫోనొచ్చిందట.”

కుమ్‌రే తిరిగొచ్చి పీట పక్కన నిలబడింది. పనికోటు జేబులో చెయ్యి పెట్టి కాసేపు ఏదో వెతుకుతున్నట్టు ఉండిపోయింది. తరవాత ఒక తాళంచెవి బయటికి తీసింది.

“కింద నేలగదిలో ఇంకో పదహారు పళ్ళేలు ఉన్నాయండి,” అంది.

“ఏం పళ్ళేలు?”

“ఈ సరుకే. ఆ రోజే పోశాను. ఇవాళ్టికి వాటికీ ఏడు రోజులే.”

బాన్ తాళంచెవి వైపు చూసింది. కుక్ అన్నాడు. “ఎవరు పొయ్యమన్నారు మిమ్మల్ని?”

“ఎవరూ పొయ్యమనలేదు.” ఆమె అతని వైపు చూడలేదు. “మంచి విత్తనం పిడికిట్లోంచి నీళ్ళలా జారుతుంది. డ్రమ్ముకొకటి చొప్పున వచ్చిన ఎనిమిది పొట్లాలూ చేతిలో పోసుకుని చూశాను. రెండు పొట్లాల్లో గింజలు జారేముందు కాస్త ఆగాయి. అదొక్కటే. అది రిజిస్టరులో రాసే సంగతి కాదు. నియమం ప్రకారం ఎనిమిదీ గిన్నెలో కలిపి అందులోంచి నాలుగు వందలు లెక్కపెట్టాను. కలిపేముందు ఒక్కోదాంట్లోంచి రెండేసి వందలు పక్కన తీసిపెట్టుకున్నాను. పాత బీరువా ఖాళీగానే ఉంది కదా అని అందులో పెట్టాను. గింజల కింద పరిచిన కాగితాలు కూడా తెగిన కట్టల్లోవే, పారేసేవి.”

“పదండి,” అంది బాన్.

నేలగది మెట్లు పన్నెండు. ఏడో మెట్టు మీద కుమ్‌రే గోడ పట్టుకుని ఆగింది. ముందు దిగుతున్న బాన్ వెనక్కి తిరిగి చూసింది.

“ఏమైంది? ముఖమంతా చెమటలు.”

“పొద్దున టీ తాగలేదు. పదండి పదండి.”

“పోయిన నెల డాక్టరు దగ్గరికి వెళ్ళమన్నాను. వెళ్ళారా?”

“వెళ్తాన్లెండి. విత్తులయ్యాక.”

పదహారు పళ్ళేలు. ఒక్కోదాని మూత మీద డ్రమ్ము నంబరు మైనపు పెన్సిలుతో రాసి ఉంది. ఇద్దరూ పాత బల్లకు చెరోవైపు కూర్చున్నారు. బాన్ గబగబా లెక్కపెట్టేది, నలభై దగ్గర తప్పి మళ్ళీ మొదలుపెట్టేది. కుమ్‌రే పెదాలు కదలకుండా, పట్టకారు ఎక్కడా ఆగకుండా అయిదేసి చొప్పున ఏరి వరసగా పేర్చేది. మొలకలు చల్లగా తడిగా పచ్చిమట్టి వాసన వేస్తున్నాయి. పైన కుక్ అటూ ఇటూ పచార్లు చేస్తున్న చప్పుడు నెత్తి మీదే వినిపిస్తోంది.

“మీరెందుకింత పట్టించుకుంటారు పిన్నిగారూ?” అంది బాన్ తలెత్తకుండా. “మీ పేరు రిజిస్టరులో కూడా ఉండదు. ఏ తప్పు జరిగినా సంతకం నాది.”

కుమ్‌రే ఆరో నంబరు పళ్ళెం మూత తీసి లోపలికి చూస్తూ ఉండిపోయింది. మిగతా పళ్ళేలు పచ్చగా కిక్కిరిసి ఉన్నాయి. ఇందులో కాగితం తెల్లగా కనిపిస్తోంది.

కొరియా యుద్ధం ఆగిన మూడో ఏడు, బార్లీ కోసిన చేలో ఆమే భర్తా కలిసి కాబేజీ వేశారు. విత్తనాలు సంతలో కొన్నవి. అమ్మినవాడు అరచేతిలో పోసి చూపించాడు, నల్లగా మెరిశాయి. అయిదో రోజు పొద్దున వెళ్ళి చూస్తే, చేను బట్టతల మీద వెంట్రుకల్లా మొలిచింది. మళ్ళీ విత్తితే అక్టోబరు చివరికి అరచేయంత ఆకులే వచ్చాయి, గడ్డ కట్టలేదు. ఆ చలికాలం పెరట్లో కిమ్చీ జాడీలు బోర్లించే ఉన్నాయి. ఒక్క చలికాలం చేసి వస్తానని భర్త బొగ్గుగనికి వెళ్ళాడు. ఫిబ్రవరిలో గనిపైకప్పు కూలింది. ఆ విత్తనాలు అమ్మినవాడు దొంగేనా? వాడికీ తెలియకపోయి ఉండొచ్చు. ముందే చూసి చెప్పాల్సిన మనిషే అప్పట్లో ఎక్కడా లేడు. ఆ మాట కుమ్‌రే ఇంతవరకూ ఎవరితోనూ అనలేదు.

“ఒకసారి మా చేను మొలవలేదండి,” అంది. “చాలా ఏళ్ల కిందటి సంగతి.”

తలుపు దగ్గర బూట్ల చప్పుడైంది. డైరెక్టరు థాక్ మెట్లు దిగి వచ్చాడు. పొట్టి మనిషి. ఏడాదిలో రిటైరవుతాడు, ఆ ఏడాదిలో ఏ గొడవా జరగకూడదన్న కోరిక ఆయన ముఖం మీదే రాసి ఉంటుంది.

“ప్యో అమ్మా, ఏమిటిది? ఆఫీసులో దొంగ ఆఫీసు పెట్టావా?”

“తప్పేనండి.”

“తప్పని తెలిసే చేశావా?”

“తెలిసేనండి. కేకలు తరవాత వేద్దురుగాని, ఇంకా మూడు పళ్ళేలున్నాయి.”

ఆయన కేకలు వెయ్యలేదు. అక్కడే ఖాళీపెట్టె మీద కూర్చున్నాడు. లెక్క పూర్తయ్యేసరికి ఒంటిగంట దాటింది. బాన్ కూడికలు వేసింది. పదహారు వందల్లో పదమూడు వందల డెబ్భై ఒకటి. పైన మొదటి నాలుగు వందలు కలుపుకుంటే రెండు వేలకు పదిహేడు వందల పందొమ్మిది.

“ఎనభై ఆరు శాతం,” అంది బాన్. “ఇప్పుడు గట్లు దగ్గరపడ్డాయి. ఎనభై నాలుగు పైన, ఎనభై ఏడున్నర లోపల. తొంభై గట్టు అవతల ఎక్కడో ఉండిపోయింది. ఆ మొలకను ఇప్పుడు ఎటు వేసినా ఒకటే. చీటీ నిజం కాదు.”

డైరెక్టరు పెద్దగా నిట్టూర్చాడు. “నిజం కాకపోతే కాకపోనీ. తొంభైకీ ఎనభై ఆరుకీ ఎంత తేడా చెప్పు? రైతు గుంటకు మూడేసి గింజలు వేస్తాడు. మూడూ చచ్చిపోయే గుంటలు వెయ్యికి ఒకటి బదులు మూడో ఏమో అవుతాయి. దానికోసం నలభై ఊళ్ళకు విత్తనం ఆపెయ్యమంటావా?”

ఆయన చెప్పిన లెక్కలో తప్పు లేదు. గింజలు ఎక్కువ పోస్తే చిన్న తేడా కూడా గట్టిగా రుజువవుతుంది, నిజమే. రుజువైనంత మాత్రాన పెద్దదైపోదు. బాన్ కాలిక్యులేటరు పట్టుకుని కుమ్‌రే వైపు తిరిగింది.

కుమ్‌రే కాగితం మీద తన అంకెలు రాసుకుంటోంది. ఎనిమిది వరసలు. కాగితం తిప్పి డైరెక్టరు ముందుకు జరిపింది.

“ఎనభై ఆరు మొలిచే డ్రమ్ము ఇందులో ఎక్కడుందండి?” అంది.

ఆయన కళ్ళజోడు పెట్టుకున్నాడు. ఒకటో నంబరు, రెండు వందలకు నూట ఎనభై అయిదు. రెండు, నూట ఎనభై ఎనిమిది. మూడు, నూట ఎనభై నాలుగు. నాలుగు, నూట ఎనభై ఏడు. అయిదు, నూట ఎనభై ఆరు. ఆరు, నూట ఇరవై ఎనిమిది. ఏడు, నూట ఇరవై ఏడు. ఎనిమిది, నూట ఎనభై ఆరు.

“ఎనభై ఆరు ఏ ఊరి చేలోనూ ఉండదండి. ఆరు డ్రమ్ములకు తొంభై మూడు, రెండిటికి అరవై నాలుగు. డ్రమ్ముకొక సంఘం. ఆ రెండు సంఘాల ఊళ్ళవాళ్ళు గుంటకు ఎన్ని వేసుకోవాలి? ఇక్కడ పళ్ళెంలో మెత్తటి కాగితం, చల్లటి నీళ్ళు. ఉయ్యాల్లో పెట్టి మొలిపించాను. ఆగస్టు ఎండకు గట్టిపడిన నేల చీల్చుకు రమ్మంటే ఈ అరవై నాలుగులో సగం వస్తాయో రావో.”

మెట్ల మీద నిలబడి వింటున్న కుక్ తువ్వాలుతో మెడ తుడుచుకుని రెండు మెట్లు కిందికి దిగాడు.

“జూన్ చివర్లో గోదాము కప్పు కారిందండి,” అన్నాడు. గొంతులో హాస్యం లేదు. “మూలనున్న రెండు డ్రమ్ములు తడిశాయి. మూతలు తుడిచి పెట్టాం. లోపలికి దిగలేదనే అనుకున్నాను. దేవుడి సాక్షిగా అలానే అనుకున్నాను.”

“అనుకునే ఉంటావు,” అంది కుమ్‌రే. ఆమె గొంతులో ఎగతాళి లేదు.

“అయితే రెండు సంఘాలకు ఇప్పుడు విత్తనం ఎక్కణ్ణుంచి తేవాలి?” అన్నాడు డైరెక్టరు.

“ఆరు డ్రమ్ములు ఎనిమిదిమందికీ పంచండి. తొంభై మూడు మొలిచే గింజలకు గుంటకు మూడెందుకు, రెండు చాలు. నూరు గుంటల్లో ఒక్కటి కూడా పూర్తిగా పోదు. రెండేసి వేస్తే ఆరు డ్రమ్ములూ అందరికీ సరిపోయి ఇంకా మిగులుతుంది. సంఘాలకు కాగితం రాసి పంపితే చాలండి, ‘రెండు మాత్రమే’ అని, పెద్ద అక్షరాలతో.”

బాన్ కాలిక్యులేటరు నొక్కింది. రెండుసార్లు నొక్కింది. “సరిపోతుంది,” అంది.

డైరెక్టరు లేచి ప్యాంటుకంటిన దుమ్ము దులుపుకున్నాడు. మెట్ల దగ్గర ఆగి, వెనక్కి తిరగకుండానే, “కాగితం నువ్వే రాయి బాన్. పెద్ద అక్షరాలతో,” అన్నాడు.

మధ్యాహ్నం మూడింటికి లారీ వచ్చింది. ఆరు డ్రమ్ములు ఎక్కించారు. ఆరో నంబరు, ఏడో నంబరు గోడ నీడలో నిలబడిపోయాయి. వాటికి కుక్ స్వయంగా ఎర్రచీటీలు అంటించాడు. వెళ్తూ వెళ్తూ కుమ్‌రే దగ్గరికి వచ్చి, “అక్కగారూ, దోసపళ్ళు తినండి. అవి మాత్రం నూటికి నూరూ తియ్యగానే ఉంటాయి,” అన్నాడు.

“ఎన్ని కోసి చూశావు?”

“ఒకటి.”

“ఒక్కటి చూసే అంత మాటన్నావా?” అందామె. ఆ రోజు మొదటిసారి నవ్వింది. డ్రైవరు కూడా నవ్వాడు. రేడియోలో శరదృతువులో జరగబోయే ఆసియా క్రీడల పాట వస్తోంది. లారీ ఆఫీసు వెనక మలుపు తిరిగేదాకా ఆ పాట వినిపించింది.

తరవాత కూడా ఆమె కుదురుగా కూర్చోలేదు. పళ్ళేలన్నీ కడిగింది. అప్పటికే కడిగినవి మళ్ళీ కడిగింది. నల్లకాగితం మీది మొలక పూర్తిగా వాడి దారంలా అయిపోయింది. దాన్ని వేలితో తీసి డబ్బాలో వేసింది. బాన్ రిజిస్టరు ముందేసుకుని కూర్చుంది.

“పిన్నిగారూ, ఈ ఇరవై తొమ్మిదేళ్లలో ఎన్ని సరుకులు చూసి ఉంటారు? ఏడాదికి రెండు వందలనుకుంటే అయిదారు వేలు.”

“ఉంటాయి.”

“అన్ని గింజలు మరి! ఇరవై లక్షలు దాటతాయి.”

“గింజల సంగతి కాదు బాన్ గారూ నాది.” కుమ్‌రే పళ్ళెం తుడుస్తూ ఆగింది. “ఇరవైలో ఒకటన్నాడు మో గారు. అయిదారు వేలల్లో ఎన్నవుతాయి? ఎన్ని మంచి సరుకులు తిప్పి పంపానో. ఎన్ని చెడ్డవి వదిలేశానో. ఎప్పుడైనా బస్సులో వెళ్తూ ఏదైనా చేను పలచగా మొలిచి కనిపిస్తే, అది నా చేతిమీదుగా వెళ్ళిందేనేమో అనిపిస్తుంది. దిగి అడగలేను కదా.”

“ఇవాళ్టిది మాత్రం కాదు.”

“ఆ. ఇవాళ్టిది కాదు.” తుడిచిన పళ్ళెం బోర్లించింది. “ఇవాళ్టిది తెలుసు.”

బాన్ రిజిస్టరులో ‘లెక్కించినవారు’ అన్నచోట తన పేరు రాయబోయి ఆగింది. ఆ గడిలో ప్యో కుమ్‌రే అని రాసింది. సిరా ఆరడానికి ఊదింది.

“ఇక్కడ సంతకానికి బదులు మీ పేరు చెక్కిన ముద్ర కావాలి. ముద్ర తెచ్చుకున్నారా?”

“రోజుకూలీకి ముద్రెందుకండీ?”

“ఉందా లేదా?”

“ఇంట్లో ఉంది.” రిజిస్టరు మీదికి వంగి తన పేరు చదువుకుంది. అక్షరాలను మొలకల్లాగే ఒక్కోదాన్నీ చూసింది. “రేపు తెస్తాను. ఇప్పుడే వస్తానుండండి, వెనక్కి వెళ్ళొస్తాను.”

ఎడమ భుజం రుద్దుకుంటూ వెనక తలుపు గుండా వెళ్ళింది. బాన్ ఎనిమిది సంఘాలకూ కాగితాలు రాయడం మొదలుపెట్టింది. ‘గుంటకు రెండు మాత్రమే.’ అయిదో కాగితం దాకా రాశాక గదిలో నిశ్శబ్దం ఎక్కువైనట్టు అనిపించింది. పిలిచింది. బార్లీ టీ రెండు గ్లాసుల్లో పోసి, మళ్ళీ పిలిచి, తానే వెళ్ళింది.

బాయిలరు గది గోడకు చేరగిలబడి, కాళ్ళు చాచుకుని, కాస్త అలుపు తీర్చుకుంటున్నట్టు కూర్చుని ఉంది కుమ్‌రే. కళ్ళు సగం మూసుకుని ఉన్నాయి. కుడి అరచెయ్యి ఒళ్ళో వెల్లకిలా పడి ఉంది. రెండు వేళ్ళ కొసలు ఇంకా దగ్గరగానే ఉన్నాయి. బాన్ భుజం పట్టుకుని కదిపింది.

ఆసుపత్రికి డైరెక్టరు కారులోనే తీసుకువెళ్ళారు. గుండె ఆగి చాలాసేపయిందని డాక్టరు చెప్పాడు. డైరెక్టరు బల్ల మీద మోచేతులు ఆనించి, ఆమెకు ఎవరున్నారో ఎవరికి కబురు చెయ్యాలో తనకు తెలియదని రెండుసార్లు అన్నాడు. భర్త చెల్లెలు ఒకామె తెజోన్‌లో ఉందని బాన్‌కు గుర్తుంది. ఫోను చేసింది. ఆమె ఏడవలేదు. “అన్నం తినే పోయిందా?” అని మాత్రం అడిగింది.

సాయంత్రం ఇంకా వెలుతురు ఉండగానే బాన్ కిటికీలు మూద్దామని ఆఫీసుకు తిరిగొచ్చింది. వెనక తలుపు తెరిచే ఉంది. మూయబోతూ బాయిలరు గది పొట్టి కప్పు మీదికి చూసింది.

అక్కడ వెదురుచేటలో లేత గుమ్మడి చక్రాలు ఆరబెట్టి ఉన్నాయి, చలికాలం కూరకు. మొదటి మూడు వరసలూ తిప్పి ఉన్నాయి, నాలుగో వరసలో రెండు. తిప్పినవి అడుగున దాగిన తడివైపు పైకి పెట్టుకుని మెరుస్తున్నాయి, తక్కినవి పొద్దున ఆమె పరిచినట్టే ఉన్నాయి.